పునాదికెంత పట్టును?

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెత నెరుగని రైతు మన సీమలో లేడు. ఈ రెంటిలో పెండ్లి ఖర్చును మన ఇండ్లలోని పెద్ద ముత్తైదువలు ఇంచుమించుగ ముందే చెప్పగలరు. ఎన్ని విస్తళ్లు, ఎన్ని బస్తాల బియ్యము, ఎన్ని చీరెలు అని వ్రేళ్లపై లెక్కించి చెప్పుదురు. ఇంటి ఖర్చు మాత్రము అంత సులభముగ తేలదు. గోడలు, కప్పు, తలుపులు కంటికి కనబడును గనుక, పొరుగువారి ఇంటిని చూచి వాని వెల నూహింపవచ్చును. నేలలోనికి దిగిపోయిన పునాదిని చూచినవారెవరు? మన అంచనాలు సాధారణముగ తప్పుచున్నది అక్కడనే.

మేమెరిగిన సభ్యులొకరు గోస్తనీ నదికి ఆవలి గ్రామమున తమ వరిమడి అంచున ఇల్లు తలపెట్టిరి. మేస్త్రి “చదరపుటడుగుకు ఇంత” అని యొక ధర చెప్పెను. సభ్యులా ధరను ఇంటి వైశాల్యముతో గుణించుకొని, దాచిన సొమ్మును, తెచ్చిన అప్పును కలిపినచో సరిపోవునని నమ్మిరి. మూడడుగులు త్రవ్విన పిదప మెత్తని బంకమన్ను బయటపడెను. గట్టి నేలకై ఇంకను రెండడుగులు దిగవలసి వచ్చెను. ఊట నీరు లేచెను. ఇంజను అద్దెకు దెచ్చి తోడించిరి. ఒక ప్రక్క గట్టు విరిగి గోతిలో పడగా మరల త్రవ్విరి. గోడలకని ఉంచిన సొమ్ము రాతికిని సిమెంటుకును చెల్లిపోయెను. బేసుమట్టము లేచునప్పటికి చేతిలో చిల్లిగవ్వ లేదు. మూడేండ్లు ఆ బేసుమట్టముపై తుమ్మ మొక్కలు పెరిగినవి. వడ్డి మాత్రము ఒక దినమైనను ఆగలేదు. తుదకు పాలిచ్చు గేదెలను రెంటిని అమ్మి గోడలు లేపిరి. వారు దుబారా మనుష్యులు గారు. ఖర్చెంతయని మేస్త్రి నడిగిరి గాని నేలను అడుగలేదు. చిక్కంతయు అక్కడ వచ్చినది.

కావున ఈ నెల మేము సభ్యులకు చెప్పదలచినది ఒక్క విషయము. పునాది ఖర్చు ఇంటి వైశాల్యమును బట్టి మాత్రమే యుండదు. గట్టి నేల ఎంత లోతున నున్నదో దానిని బట్టి యుండును. ఒకే కొలత గల రెండిండ్లకు పై గోడల ఖర్చు సమానముగ నుండును గాని పునాది ఖర్చు ఒకదానికి మరియొకదానికి సగమునకు సగము ఎక్కువ కావచ్చును. ఆ లోతును బయానా ఇచ్చుటకు ముందు తెలిసికొనుట మన చేతిలోని పని. దానికి కావలసినది ఒక పార, ఒక పలుగు, ఇద్దరు కూలీల ఒక దినపు పని.

నేలను పరీక్షించుట

ఇల్లు కట్టదలచిన స్థలమున ఎదురెదురు మూలలలో రెండు గోతులు త్రవ్వింపవలయును. ఒక్కొక్కటి మూడడుగుల చదరము, అయిదడుగుల లోతు ఉండిన చాలును. ఇసుక నేలలోను, వదులు మట్టిలోను గోతి అంచులను వాలుగా త్రవ్వవలెను. నిలువుగా త్రవ్విన గోతిలో మనిషిని దింపరాదు. గట్టు విరిగినచో ప్రాణమునకే ముప్పు. అడుగడుగునకు తీసిన మట్టిని విడివిడిగా కుప్పలు పోసి, ఏ లోతున ఏ మన్ను పడినదో కాగితముపై వ్రాసికొనవలెను.

గోతి అడుగున ఇనుప కడ్డీని చేతితో గ్రుచ్చి చూడుడు. సులభముగ జానెడు దిగినచో అది ఇంకను గట్టి నేల గాదు. ఆ మట్టిని పిడికెడు తడిపి వ్రేళ్ల మధ్య నొక్కి సాగదీయుడు. విరుగక పట్టీవలె సాగినచో బంక యెక్కువ. వెంటనే విడిపోయినచో ఇసుక యెక్కువ. గాజు సీసాలో మూడవ వంతు మట్టిని, మిగిలినది నీటిని పోసి బాగుగా కుదిపి ఒక రాత్రి కదలనీయక ఉంచిన యెడల ఇసుక అడుగునకును, ఒండ్రు దానిపైకిని, బంకమన్ను అన్నిటికంటె పైకిని చేరును. ఆ పొరల మందమే మీ మట్టి జాతకము.

ఈ గోతులను ఏ మాసమున త్రవ్వవలెను? మన తీరమున ఆశ్వయుజ కార్తీకములలో వానలును, తుపానులును ఎక్కువ. ఊట ఎంతవరకు లేచునో అప్పుడే తెలియును. కావున పరీక్ష గోతులను కార్తీకములో త్రవ్వి నీటి మట్టమును గుర్తించుకొని, అసలు పునాదిని పుష్య మాఘములలో, నేల ఆరిన పిదప త్రవ్వించుట మేలు. ఎండకాలమున నేలపై వెడల్పైన బీటలు కనబడు చోట మరింత జాగ్రత్త కావలెను. అట్టి నేల తడిసిన ఉబ్బును, ఆరిన కుంచించుకొనును. దానిపై పైపైన వేసిన పునాది ఏటేట కదలి గోడలను చీల్చును. అచ్చట ఉబ్బు కుంచింపుల పొరను దాటి దిగవలెను, లేక ఇంజనీరు సలహాపై పైళ్ల పునాది వేయవలెను.

పొరుగువారి బావులను కూడ చూడుడు. బావి త్రవ్విన ముసలివారిని అడిగిన యెడల ఎన్ని అడుగులకు ఏ పొర తగిలినదో చెప్పుదురు. స్థలము పూర్వము పెంటకుప్పగా నుండెనా, పూడ్చిన గుంటయా, పాత నుయ్యియా అని విచారింపుడు. సగమిల్లు పూడ్చిన మట్టిపైనను, సగమిల్లు గట్టి నేలపైనను నిలిచినచో ఒక భాగము దిగి, రెండవ భాగము దిగక, నడుమ గోడ పగులును.

భీమునిపట్నపు నేలలు

భీమునిపట్నము చుట్టు అయిదారు మైళ్లలోనే నేల మూడు నాలుగు విధములుగా మారుచున్నది. ఒక ఊరి అంచనా మరియొక ఊరికి పనికిరాకపోవుటకు కారణమిదియే.

మొదటిది సముద్రపు టొడ్డు ఇసుక. ఇసుక చెడ్డ నేలయని చాలమంది భ్రమపడుదురు. ప్రక్కలకు జారిపోకుండ అదుపులో నున్న ఇసుక బరువును బాగుగనే మోయును. దానితో వచ్చు చిక్కులు వేరు. గోతి గట్లు నిలువవు గనుక వెడల్పుగా త్రవ్వవలసి కూలి పెరుగును. నీరు పైననే యుండును. ఉప్పు గాలి, ఉప్పు నీరు ఇనుమును తినివేయును. ఇచ్చట మరియొక హెచ్చరిక. ఎదుట నున్నది గదాయని సముద్రపు టిసుకను గాని, ఉప్పు బావి నీటిని గాని పనికి వాడరాదు. ఇనుము తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటును పగులగొట్టును. గోడలు ఉప్పు పూతతో రాలును. తీరమునకు దగ్గరగ స్థలము గలవారు 2011, 2019 సంవత్సరముల తీర నియంత్రణ ప్రకటనల ప్రకారము అచ్చట కట్టవచ్చునా కాదా యని మొదటనే తెలిసికొనవలెను. 2024లో భీమిలి తీరమున కట్టిన ఒక కాంక్రీటు గోడను హైకోర్టు ఉత్తరువుపై పడగొట్టిరి. అనుమతి లేని చోట ఎంత గట్టి పునాది వేసినను దండుగయే.

రెండవది ఎర్రనేల. విశాఖపట్నము నుండి భీమునిపట్నము పోవు త్రోవలోని ఎర్రమట్టి దిబ్బలను చూడని వారుండరు. ఎండిన ఎర్రనేల పలుగుకు గట్టిగనే తగులును. కాని వాన నీరు దానిని ఎట్లు కోయునో ఆ దిబ్బలలోని లోతైన గండ్లే చెప్పుచున్నవి. కావున ఎర్రనేలపై పునాది తక్కువ లోతున నిలిచినను, చూరు నీరు గోడ మొదట పడకుండ ఇంటి చుట్టు గట్టు చప్టాయును, కాలువయు అవసరము. ఆ ఖర్చును పునాది పద్దులోనే వేసికొనవలెను. ఆ దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలము. 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలోనికి కూడ ఎక్కినవి. అచ్చటి మట్టిని ఎవరైన చవుకగా తోలుదుమన్నచో తీసికొనరాదు.

మూడవది గోస్తనీ గట్ల వెంబడి మాగాణి. అనంతగిరి కొండలలో బుట్టి భీమునిపట్నము కడ సముద్రమున గలియు ఈ నది తెచ్చిన ఒండ్రు వరికి మేలైనది గాని గోడకు కాదు. పైన చెప్పిన సభ్యులకు తగిలినది ఈ నేలయే. నాలుగవది కొండ వాలు. అచ్చట రెండడుగులకే రాయి తగులవచ్చును, లేక ఒక మూల రాయి, వేరొక మూల వదులు మట్టి ఉండవచ్చును. వాలు నేలలో పునాది అడుగును మెట్లు మెట్లుగా సమమట్టముతో త్రవ్వవలెను గాని వాలు వెంబడి ఏటవాలుగా వేయరాదు.

కొలతలు, పరిమాణములు

నేల తెలిసిన పిదప లెక్క కష్టము గాదు. రూపాయలకు ముందు పరిమాణములను కట్టుట ముఖ్యము. ధరలు నెలనెలకు మారును; ఘనపుటడుగులు మారవు.

రెండు గదుల ఇంటిని ఉదాహరణముగ తీసికొందము. గోడల నడిమి గీత వెంబడి కొలువగా పొడవు 25 అడుగులు, వెడల్పు 20 అడుగులు. నడుమ 20 అడుగుల అడ్డుగోడ యొకటి. చుట్టుకొలత 90, అడ్డుగోడ 20, మొత్తము 110 అడుగులు. అడ్డుగోడ కలియు రెండు చోట్ల కొంచెము రెండుసార్లు లెక్కకు వచ్చును; అది పొల్లునకు ఉండనిండు. గట్టి నేల మూడడుగుల లోతున దొరికినదనుకొందము.

గోతి వెడల్పు 2½ అడుగులు, లోతు 3 అడుగులు. తవ్వకము: 110ని 2½తోను, 3తోను గుణింపగా 825 ఘనపుటడుగులు.

అడుగున ఆరంగుళముల కాంక్రీటు, ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుక, ఎనిమిది పాళ్లు కంకర. ఇది 137½ ఘనపుటడుగులు. దీనికి సిమెంటు సుమారు 13 బస్తాలు, ఇసుక 65 ఘనపుటడుగులు, లావు కంకర 130 ఘనపుటడుగులు పట్టును.

దానిపై రాతికట్టు. మొదటి మెట్టు 2 అడుగుల వెడల్పు, 1¼ అడుగు ఎత్తు: 275 ఘనపుటడుగులు. రెండవ మెట్టు 1½ అడుగు వెడల్పు, 1¼ అడుగు ఎత్తు: 206 ఘనపుటడుగులు. ఇంతటితో నేలబారుకు వచ్చితిమి. నేలపైన బేసుమట్టపు గోడ 1¼ అడుగు వెడల్పు, 2 అడుగుల ఎత్తు: 275 ఘనపుటడుగులు. మొత్తము రాతికట్టు 756 ఘనపుటడుగులు. సందులకును పొల్లునకును కలిపి తోలవలసిన రాయి నాలుగవ వంతు ఎక్కువ, అనగా సుమారు 945 ఘనపుటడుగులు. నూరు ఘనపుటడుగులను మన ప్రాంతమున ఒక యూనిట్టు అందురు గనుక, రాయి తొమ్మిదిన్నర యూనిట్లు. ఒకటికి ఆరు పాళ్ల సిమెంటు గారకు 38 బస్తాల సిమెంటు, 280 ఘనపుటడుగుల ఇసుక కావలెను.

బేసుమట్టముపై ఇంటి చుట్టును, అడ్డుగోడపైనను తొమ్మిదంగుళముల చదరపు కాంక్రీటు బెల్టు. ఇది 62 ఘనపుటడుగులు. 14 బస్తాల సిమెంటు, ఇసుక 26, సన్న కంకర 52 ఘనపుటడుగులు. ఈ బెల్టు ఇంటినంతటిని ఒక కట్టుగా పట్టియుంచును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరమును దాటినపుడు రేకుల కప్పు లెట్లు లేచిపోయినవో మనమందరము చూచితిమి. కప్పును పట్టుకొను కడ్డీలు గోడలోనికి, అక్కడనుండి ఈ బెల్టులోనికి దిగియుండవలెను. అందులకై పైకి వదలవలసిన కడ్డీలను ఇప్పుడే లెక్కలో వేసికొనుడు. ఎన్ని కడ్డీలు, ఎంత లావు అనునది ఇంజనీరు చెప్పవలసిన మాట. బరువు మాత్రము మీరే కట్టవచ్చును. కడ్డీ వ్యాసమును మిల్లీమీటర్లలో తీసికొని దానిని దానితోనే గుణించి 162చే భాగించినచో మీటరు పొడవునకు ఎన్ని కిలోగ్రాములో వచ్చును. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 0.89 కిలో. కొట్టువాని తూకమును దీనితో సరిచూచుకొనుడు.

ఇట్లు కూడగా సిమెంటు 65 బస్తాలు, ఇసుక సుమారు 370 ఘనపుటడుగులు, రాయి తొమ్మిదిన్నర యూనిట్లు అయినది.

మట్టి నింపు

చాలమంది మరచు పద్దు ఇది. బేసుమట్టపు గోడల లోపలి వైశాల్యము ఈ ఇంటికి సుమారు 422 చదరపుటడుగులు. గచ్చు క్రింద రెండుంబావు అడుగులు నింపవలెను. అనగా దిమ్మిస చేసిన మట్టి 950 ఘనపుటడుగులు.

పునాదిలో నుండి వచ్చిన మట్టి 825 ఘనపుటడుగులు. రాతికట్టు ప్రక్కల మరల పూడ్చుటకు 206 పోగా 619 మిగులును. ఆ మట్టి మంచిదైనచో బయటినుండి 330 ఘనపుటడుగులు తోలిన చాలును. వదులుగా నున్నప్పుడు నాలుగవ వంతు ఎక్కువ గనుక, నాలుగు యూనిట్లకు కొంచెము పైన. వచ్చినది బంకమన్ను అయినచో అది గచ్చు క్రిందికి పనికిరాదు. ఉబ్బి గచ్చును లేపును. అప్పుడు మట్టి యంతయు బయటినుండి రావలెను. అది పండ్రెండు యూనిట్లు. పైగా త్రవ్విన బంకమన్నును తోలివేయుటకు వేరే కూలి. చెడ్డ నేల మనలను రెండు సార్లు కొట్టుననుట ఇందువలననే: ఒకసారి లోతులో, మరియొకసారి నింపులో.

నింపును ఆరేసి అంగుళముల పొరలుగా వేసి, తడిపి, దిమ్మిస కొట్టవలెను. ఒక్కసారిగా పోసి పైన నీళ్లు వదలిన నింపు మరుసటి ఏడు దిగి గచ్చు గుంటలు పడును.

అడుగు లోతు వెల

ఇప్పుడు మా ముఖ్యమైన మాటకు వచ్చితిమి. మీ ఇంటికి గట్టి నేల ఒక్క అడుగు క్రిందికి పోయినచో ఎంత అదనమగునో పని మొదలు పెట్టుటకు ముందే కట్టి వ్రాసి ఉంచుకొనుడు. దీనిని అడుగు లోతు వెల అందము.

మన ఉదాహరణములోని ఇంటికి అడుగు లోతు పెరిగినచో తవ్వకము 275 ఘనపుటడుగులు, రెండడుగుల వెడల్పు రాతికట్టు 220 ఘనపుటడుగులు అదనము. దానికి రాయి రెండుముప్పావు యూనిట్లు, సిమెంటు 11 బస్తాలు, ఇసుక 80 ఘనపుటడుగులు. దీనికి ధర కట్టి చూతము. ఈ క్రింది ధరలు లెక్క చూపుటకు మేము ఊహించినవి మాత్రమే. మీ ఊరి ధరలను మీరే వేసికొనవలెను. తవ్వకము ఘనపుటడుగుకు 10 రూపాయల చొప్పున 2,750. రాయి యూనిట్టుకు 4,000 చొప్పున 11,000. సిమెంటు బస్తా 350 చొప్పున 3,850. ఇసుక యూనిట్టు 4,000 చొప్పున 3,200. తాపీ కూలి ఘనపుటడుగుకు 50 చొప్పున 11,000. మొత్తము 31,800 రూపాయలు.

అనగా రెండడుగులు దిగినచో 63,600. ఊట తోడుట, గట్టు విరిగిన మరల త్రవ్వుట ఇందులో చేరలేదు. మేము మొదట చెప్పిన సభ్యుల గేదెలు రెండును ఎచ్చటికి పోయినవో ఇప్పుడు తేటపడును. ఈ అంకె ముందే తెలిసియున్నచో వారు ఇంటిని ఒక గది తగ్గించి కట్టుకొనెడివారు, లేక మెరక స్థలము చూచుకొనెడివారు, లేక ఇంకొక పంట చేతికి వచ్చువరకు ఆగెడివారు. మూడు దారులును మూసికొనిపోయిన పిదప తెలిసినది.

సాధారణముగ అంచనాపై నూటికి పది అదనముగ ఉంచుకొనుమని చెప్పుదురు. గోడలకును కప్పునకును అది చాలును. పునాదికి చాలదు. పరీక్ష గోతి త్రవ్వినవారు ఒక అడుగు లోతు వెలను, త్రవ్వనివారు రెండడుగుల వెలను చేతిలో ఉంచుకొనవలెనని మా అభిప్రాయము. గోతి త్రవ్వుటకగు ఒక దినపు కూలి ఈ వ్యత్యాసము ముందు ఎంత?

మరచిపోవు పద్దులు

అంచనా కాగితమున కనబడక పిదప ఒక్కొక్కటిగా వచ్చునవి ఇవి: తుప్పలు కొట్టి స్థలమును చదును చేయుట, నీటి ట్యాంకరు లేక తాత్కాలికపు బోరు, ఊట తోడు ఇంజను అద్దె, రాతికట్టును కనీసము వారము దినములు తడుపుట, చెదల మందు, దిమ్మిస కూలి, కాలిబాట లేని చోట లారీ దిగిన సరకును తలమోతగా చేర్చుట, మరుగుదొడ్డి గొయ్యి. ఆ గొయ్యి పునాదికి దూరముగ నుండవలెను. దాని తేమ గోడ మొదటికి రాకూడదు.

ఇసుక విషయమున ఒక మాట. మన రాష్ట్రమున 2024 జూలైలో ఉచిత ఇసుక విధానము వచ్చినది. ఉచితమైనది ఇసుకయే గాని ఎత్తు కూలియు, లారీ బాడుగయు గాదు. రేవు ఎంత దూరమో అంత వెల. సిమెంటుపై వస్తుసేవల పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి నూటికి 28 నుండి 18కి తగ్గినది. పాత అంచనాతో మాటలాడు వ్యాపారిని ఈ తేదీ జ్ఞాపకము చేయుడు.

మేస్త్రితో బేరము కూడ చదరపుటడుగుపై గాక, పునాది వరకైనను పనిని బట్టి చేసికొనుడు: తవ్వకమునకు ఘనపుటడుగుకు ఇంత, రాతికట్టుకు ఇంత, దిమ్మిసకు ఇంత. అట్లయినచో లోతు పెరిగినపుడు అతనికి నష్టము లేదు, మీకు తగవు లేదు. మొత్తముపై బేరము చేసికొన్న మేస్త్రి గట్టి నేల రాకమునుపే “చాలును” అనుటకు ఆశపడును. ఆ తప్పు అతనిది మాత్రమే గాదు, బేరము చేసిన మనదియు గలదు.

సొమ్ము ఎప్పుడు కావలయును

ఖర్చెంత యనుట ఒకటి, ఎప్పుడు యనుట ఒకటి. 2015లో పట్టణములకును, 2016లో గ్రామములకును ప్రారంభమైన ప్రధాన మంత్రి ఆవాస యోజన వంటి పథకములలో సహాయము పని నడచిన కొలది విడతలుగా వచ్చును. ఇంటి అప్పును కూడ విడతలుగానే ఇచ్చుట వాడుక. పని చూచి సొమ్మిచ్చుట న్యాయమే. దాని ఫలితమేమనగా, ఎవరికిని కనబడని ఈ పునాది సొమ్మును మొదట ఇంటి యజమానియే తన చేతినుండి పెట్టవలెను. బేసుమట్టము లేచిన గాని లోకమునకు ఇల్లు కనబడదు.

కావున అప్పు పత్రముపై సంతకము చేయుటకు ముందు మూడు అంకెలను ఒక కాగితముపై వ్రాసికొనుడు: బేసుమట్టము వరకు ఖర్చు, అడుగు లోతు వెల, నేడు చేతిలో నున్న రొక్కము. మూడవది మొదటి రెంటి మొత్తమునకు తక్కువయైనచో ఆ యేడు గొడ్డలి, పలుగు ఎత్తకుడు. భూమిని తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు పైరు మీద పెట్టినచో పంట వచ్చి తీర్చును. సగములో ఆగిన బేసుమట్టము ఏ పంటయు పండదు.

సంఘము చేయదగినది

ఈ దేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చినది. ఒక్కనికి లేని బలము పదిమందికి గలదను నమ్మకమే దాని పునాది. అప్పు విషయమున మనము దానిని పాటించుచున్నాము. తెలివి విషయమున ఇంకను పాటించుట లేదు. ఒక్కొక్క రైతు తన నేలను తానే త్రవ్వి, తానే నష్టపడి, నేర్చిన దానిని ఆ గోతిలోనే పూడ్చివేయుచున్నాడు.

మా సూచన ఇది. ప్రతి సంఘమును కార్యాలయమున గోతుల పుస్తకము ఒకటి పెట్టవలెను. ఇల్లు కట్టిన ప్రతి సభ్యుడును పని ముగియగానే అందులో ఒక పుట వ్రాయించవలెను: స్థలము ఊరికి ఏ దిక్కున నున్నది, ఎన్ని అడుగులకు ఏ మన్ను తగిలినది, నీరు ఏ మాసమున ఎంత లోతున నుండెను, గట్టి నేల ఎక్కడ దొరికినది, ఎన్ని ఘనపుటడుగుల రాతికట్టు అయినది, ఎన్ని బస్తాలు పట్టినవి, కూలి ధర ఎంత. ఇందులో దాచవలసిన రహస్యమేదియు లేదు. పది పుటలు నిండినచో ఆ ఊరి నేల ఏ వీధిన ఎట్లున్నదో మన కెదుట నుండును. పదునొకండవ సభ్యునికి అంచనా సగము సిద్ధముగ నుండును. అప్పు మంజూరు చేయు పంచాయతుదారులకును ఈ పుస్తకము మంచి సాక్షి. చాలని అప్పును మంజూరు చేసి సభ్యుని నడిసముద్రమున వదలు పాపము వారికి తప్పును.

ఒకే ఋతువున నలుగురు సభ్యులు ఇండ్లు కట్టదలచినచో రాయి, కంకర, సిమెంటు కలిపి తెప్పించుకొనుట, దిమ్మిస యంత్రమును, ఊట తోడు ఇంజనును ఒకే అద్దెపై వంతులవారీ వాడుకొనుట కూడ సాధ్యమే. కాని అవి పిదపటి మాటలు. మొదట కావలసినది ఆ పుస్తకము.

పైన చెప్పిన మా సభ్యులు ఇప్పుడా ఇంటిలో సుఖముగనే యున్నారు. గేదెలు మాత్రము మరల రాలేదు. వారి గోతి కొలతలను మేము అడుగగా సంతోషముతో వ్రాయించి, “నా తరువాతి వాడైనను ఒక గేదెను మిగుల్చుకొనునేమో” అనిరి. ఆ పుట మా పుస్తకమున మొదటిది. రెండవ పుట వ్రాయవలసిన వారు, చదువుచున్న సభ్యులారా, మీరే. వచ్చు కార్తీకమున ఇల్లు తలపెట్టిన వారు ముందుగా రెండు గోతులు త్రవ్వించి, ఆ కాగితముతో సంఘ కార్యాలయమునకు రండు. లెక్క కట్టుటకు మేము తోడుపడుదుము.